బెంచీ కొనేముందు ఈ నాలుగు ముక్కలు చదవండి

"అన్నా, నలుగురం కలిసి జిమ్ బెంచీ ఒకటి తెప్పించుకుందామనుకుంటున్నాం, ఏది కొనమంటావు?" ఈ మధ్య అరకు, డుంబ్రిగుడ, హుకుంపేట వైపు కుర్రోళ్లు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. కొందరు కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతున్నారు, కొందరు ఆర్మీ ర్యాలీ అంటున్నారు, ఇంకొందరికి ఊరికే ఒళ్లు గట్టిపడితే చాలు. ఫోన్లో వీడియో తెరిస్తే ప్రతివోడూ ఏసీ గదిలో, అద్దం ముందు, రబ్బరు నేల మీద బరువులెత్తుతుంటాడు. మన ఇంటికాడేమో పేడతో అలికిన నేల, నెత్తికి తగిలే రేకు, వానాకాలం వస్తే నెలల తరబడి చెమ్మ. ఆ వీడియోలో చెప్పిందాంట్లో సగం మనకి అతకదు. అందుకే ఇది రాస్తన్నాను.

ముందు పెద్దోళ్ల మాట ఒకటుంది. "కొండెక్కి దిగేవోడికి, కావిడి మోసేవోడికి మళ్లీ బెంచీ ఏటిరా బావు" అని నవ్వుతారు. నవ్వనీండి, కానీ ఆ మాటలో సగమే నిజం. కట్టెల మోపు, కాఫీ పళ్ల బస్తా, కావిడి, డోలీ... వీటి బరువంతా తొడల మీద, నడుం మీద, ఒక భుజం మీద పడుద్ది. అవి గట్టిగానే తయారవుతాయి. ముందుకి తోసే కండలు, అంటే ఛాతీ, చేతి వెనకభాగం, భుజం ముందుభాగం... వీటికి మన పనుల్లో పని తక్కువ. వీపు పైభాగాన్ని వెనక్కి లాగి నిలబెట్టే కండలదీ అదే కథ. రోజూ వొంగి మోసేవోడి భుజాలు ముందుకి కూలబడిపోవడం మీరు చూసే ఉంటారు. బెంచీ మీద చేసే పని ఆ మిగిలిపోయిన కండలకి. ఇంకో మాట కూడా చెప్పెయ్యాల. రోడ్డు లేని గూడెం నుంచి గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే కుర్రోళ్లని "బలం పెంచుకోండి" అని నేననను, రోడ్డు వెయ్యమని అడగండి అంటాను. ఆ రోడ్డు వచ్చేలోపు మీ నడుం పోగొట్టుకోవద్దు, అంతే.

ఇక సెలక్షన్ల సంగతి. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్లో మగపిల్లలకి పెట్టిన కొలతలు గుర్తు చేసుకోండి. మామూలుగా ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, గాలి పీలిస్తే 5 సెంటీమీటర్లు పెరగాల. ఏజెన్సీ ఎస్టీలకి ఎత్తు 160, ఛాతీ 80, పెరగాల్సింది 3. పరుగు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, దాంతోపాటు 100 మీటర్ల పరుగో లాంగ్ జంపో ఏదో ఒకటి. కొత్త నోటిఫికేషన్ వస్తే దాంట్లో అంకెలు మళ్లీ చూసుకోండి, పాతవి పట్టుకుని కూర్చోవద్దు. ఇప్పుడు ఆలోచించండి, వీటిలో బెంచీ దేనికి పనికొస్తాది? ఛాతీ చుట్టుకొలతకి కొంత. కండ పెరిగిన మేరకు టేపు పెరుగుద్ది గానీ ఎముక పెరగదు. గాలి పీల్చినప్పుడు పెరగాల్సిన ఆ 3 సెంటీమీటర్లు బరువులతో రావు, అది పక్కటెముకలు కదలడం, నిండా ఊపిరి తియ్యడం అలవాటు చేసుకోవడం మీద ఉంటాది. జంపుకి తొడలు కావాల, దానికి బెంచీని వేరేగా వాడుకోవచ్చు, కింద చెప్తాను. 1600 మీటర్లకి మాత్రం పొద్దున్నే లేచి పరిగెత్తడం తప్ప ఇంకో దారి లేదు. బెంచీ కొన్నాం కదా అని పరుగు మానేస్తే సెలక్షన్లో మొదటి రోజే ఇంటికి పంపిస్తారు.

బెంచీ లేకపోతే బలం రాదన్న భ్రమ కూడా వొద్దు. మన ఉత్తరాంధ్ర ఊళ్లలో సంగిడీలు ఎత్తే పోటీలు ఎప్పట్నుంచో ఉన్నాయి. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామశాల పెట్టిన కాలానికి ఈ మడతల బెంచీలు ఎక్కడివి? ఆమదాలవలస పక్క ఊసవానిపేట ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. రెండూ నిలబడి ఎత్తేవే, పడుకుని ఎత్తేవి కావు. దండీలు, బస్కీలు, చెట్టుకొమ్మకి వేలాడి పైకి లాక్కోవడం... ఇవి మూడు నెలలు మానకుండా చేసినోడే బెంచీ గురించి ఆలోచించాల. ఇరవై దండీలు ఒక్క ఊపులో తియ్యలేనోడికి బెంచీ తొందరేటి? ఆ డబ్బు పెట్టి మంచి బూట్లు కొనుక్కోండి.

సరే, కొందామనే తేల్చుకున్నారు. ఎడ్జస్టబుల్ బెంచీ అంటే ఏటంటే, వీపు ఆనే పలక ఒకటి, కూర్చునే సీటు ఒకటి. వీపు పలకని పడుకోబెట్టొచ్చు, వాలుగా నిలబెట్టొచ్చు, దాదాపు కుర్చీలాగా లేపొచ్చు. కొన్నిట్లో తల కిందికి వాలేలా కూడా పెడతారు. ఆ తలకిందుల వాలు మనకి అక్కర్లేదు, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. బల్లపరుపు, ముప్పై డిగ్రీల దగ్గర్లో ఒక వాలు, నిలువు కన్నా కాస్త తక్కువలో ఇంకో వాలు... ఈ మూడు ఉంటే అన్ని పనులూ అయిపోతాయి. పది మెట్లు, పన్నెండు మెట్లు అని రాసిందంతా అమ్ముకోడానికే.

అమ్మేవోళ్లు "300 కిలోలు మోస్తాది" అని స్టిక్కరు అంటిస్తారు. ఆ లెక్కలో మీ ఒంటి బరువు కూడా ఉంటాదని మర్చిపోవద్దు. మీరు 60 కిలోలు, చేతిలో 40 అయితే బెంచీ మీద పడేది 100. పైగా బరువు కదల్చకుండా పెట్టడం వేరు, ఎత్తి దించుతుంటే పడే దెబ్బ వేరు. అందుకని స్టిక్కరు కాదు, ఇనుము చూడండి. పైపు మందం గేజుల్లో చెప్తారు. గేజు అంకె తగ్గేకొద్దీ ఇనుము మందం పెరుగుద్ది, ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు. 14 గేజు అంటే సుమారు 2 మిల్లీమీటర్లు, 16 అంటే ఒకటిన్నర దాటి కాస్త. 14 దొరికితే అదే తీసుకోండి. అమ్మేవోడు గేజే చెప్పకపోతే బెంచీ మొత్తం బరువు అడగండి. ఒంటిచేత్తో ఆడించేంత తేలిక బెంచీ బరువులు మోసేది కాదు.

తరవాత పిన్ను. వీపు పలకని వాలులో నిలబెట్టేది ఒక చిన్న ఇనప పుల్ల, లేదా నిచ్చెన మెట్లలాంటి గాట్లలో కూర్చునే ఒక అడ్డకడ్డీ. వాలులో కూర్చున్నప్పుడు మీ బరువూ, చేతిలో బరువూ కలిసి ఆ పుల్ల మీదే నిలబడతాయి. అది పెన్సిలంత సన్నంగా ఉన్నా, దూరిన రంధ్రంలో గడగడలాడినా ఆ బెంచీ వొద్దు. గాట్ల పద్ధతైతే ఆ గాట్లు లోతుగా ఉండాల, కడ్డీ దానంతటది పైకి లేవకూడదు. వాలు మార్చేటప్పుడు వేళ్లు గాట్ల మధ్యన పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. వేలు పడితే పచ్చడే.

ఎత్తు సంగతి మనోళ్లు అసలు పట్టించుకోరు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో బెంచీ నేల నుంచి 42 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తుండాల, వెడల్పు 29 నుంచి 32, పొడవు 122కి తగ్గకూడదు. ఈ కొలతలు గుర్తు పెట్టుకోండి, టేపు పట్టుకుని చూడండి. ఎత్తు ఎక్కువైతే పొట్టిగా ఉన్నవోళ్ల పాదాలు నేలకి ఆనవు. పాదం ఆనకపోతే బరువు పైకి తోసేటప్పుడు ఒళ్లు అటూఇటూ ఊగిపోద్ది. మీకు ఆనకపోతే పాదాల కింద చెరో చెక్కపలక వేసుకోండి. సీటుకీ వీపు పలకకీ మధ్యన సందు ఉంటాది కదా, అది రెండు మూడు వేళ్లకి మించితే పడుకున్నప్పుడు నడుం ఆ సందులోకి జారుద్ది. పైన రెగ్జిన్ ఎంత మెరిసినా లోపల నురగ మెత్తగా కుంగిపోతే భుజానికి ఆధారం ఉండదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే చెక్క తగిలిందంటే నాసిరకం.

ధర మూడు నాలుగు వేల నుంచి మొదలై పది వేలు దాటుద్ది. మూడు వేలది డంబెల్స్ పట్టుకుని తేలికగా చేసుకోడానికి సరే, పెద్ద బార్ పట్టుకునే పనికి కాదు. ఫోన్లో ఆర్డరు పెట్టేముందు రెండు సంగతులు చూడండి. మన పిన్‌కోడుకి ఇంటికి తెచ్చిస్తారా, లేక అరకు దాకా వచ్చి పట్టుకెళ్లమంటారా? బాగోకపోతే వెనక్కి తీసుకెళ్లడానికి మన ఊరు వస్తారా? ఈ రెండోదే అసలుది. పాతిక కిలోల అట్టపెట్టె ఆటోలో వేసుకుని ఘాట్ దిగి వెనక్కిచ్చే ఓపిక ఎవరికుంటాది? పెట్టె విప్పేటప్పుడు మొదట్నుంచీ వీడియో తియ్యండి, నట్టుబోల్టులు లెక్కపెట్టండి.

నన్నడిగితే వెల్డింగు షాపే మేలు. గేట్లు, మంచాలు చేసేవోడికి బల్లపరుపు బెంచీ పెద్ద పనేం కాదు. పైన చెప్పిన కొలతలు కాగితం మీద రాసివ్వండి, 2 మిల్లీమీటర్ల చదరపు పైపు అనండి, కాళ్లు వెడల్పుగా పెట్టమనండి. పైన పలకకి సిల్వర్ ఓక్ మెత్తన, మద్ది చెక్కో మందం ప్లైవుడ్డో అయితే గట్టి. మద్ది అన్నాను గదాని అడవిలోకి గొడ్డలి పట్టుకుని పోవద్దు, ఇంట్లో పాత పలక ఉంటే చాలు. కాకపోతే వాలు మారే పద్ధతి మాత్రం ఆ పని తెలిసినోడైతేనే చేయించండి. బల్లపరుపు బెంచీకి ఒకవైపు ఇటుకలు పెట్టి వాలు తెప్పించడం చూశాను. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఇటుక జారిందంటే బరువుతో సహా కింద పడతారు.

ఇంటికొచ్చాక ఎక్కడ పెడతారు? మట్టినేల మీద బెంచీ కాళ్లు ఒక్కోటి ఒక్కోలా దిగిపోతాయి, ఊగడం మొదలవుద్ది. కాళ్ల కింద రెండు పొడుగు పలకలు అడ్డంగా వెయ్యండి. వసారా వాలుగా ఉంటే తల వైపు పల్లం రాకుండా చూసుకోండి. కూర్చుని చేతులు పైకెత్తితే దూలం తగలకూడదు. మన చెమ్మకి వెల్డింగు అతుకుల కాడే ముందు తుప్పు పట్టుద్ది. వానలకి ముందోసారి, వెళ్లాకోసారి ఆ అతుకుల మీద రంగెయ్యండి, వారానికోసారి పానాతో బోల్టులు బిగించండి. చెమట పట్టిన రెగ్జిన్ తుడవకపోతే బూజు పట్టుద్ది.

బరువులకి కొన్న ప్లేట్లే అక్కర్లేదు. లీటరు సీసాలో పొడి ఇసక పోస్తే సుమారు కిలోన్నర తూగుద్ది. రెండు చేతుల్లోవీ సంతలో కాటా మీద పెట్టి సమానం చేసుకోండి. డబ్బాల్లో సిమెంటు పోసి కర్రకి రెండువైపులా గుచ్చిన బార్ చాలా ఊళ్లలో ఉన్నాది. దాన్ని నిలబడి ఎత్తండి, వొంగి లాగండి, గానీ దాని కింద మాత్రం పడుకోవద్దు. వెదురు పగిలినా, సిమెంటు ముద్ద జారినా కింద ఉండేది మీ మొహం.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాల. బెంచీ మీద ప్రాణం పోయే పని ఒకటుంది. ఒంటరిగా పడుకుని పెద్ద బార్ ఎత్తడం. చివరిసారి ఎత్తలేక చేతులు వణికితే బార్ ఛాతీ మీదకో గొంతు మీదకో దిగుద్ది. కింద ఇరుక్కున్న మనిషికి అరవడానికి ఊపిరి ఉండదు. పెద్ద పెద్ద జిముల్లో కూడా ఇలా చచ్చిపోయినోళ్లున్నారు. ఒక్కళ్లే ఉంటే డంబెల్సే పట్టుకోండి, చెయ్యలేకపోతే పక్కలకి వదిలెయ్యొచ్చు. బార్ పట్టుకుంటే తల దగ్గర ఒక మనిషి నిలబడాల, ఫోన్ చూసుకుంటా కాదు, చేతులు బార్ కింద పెట్టి. తప్పనిసరై ఒంటరిగా చేస్తే బార్ చివర ప్లేట్లకి బిగింపులు పెట్టొద్దు. ఇరుక్కుంటే ఒకపక్కకి వొంచితే ప్లేట్లు జారిపోయి బయటపడతారు. బొటనవేలు బార్ చుట్టూ తిప్పి పట్టుకోండి. వేలు తియ్యడం ఫ్యాషనని వీడియోల్లో చూపిస్తారు, బార్ జారేది అలాగే.

చేసే పద్ధతి. పడుకున్నాక రెండు పాదాలూ నేలకి, పిరుదులు బెంచీకి, భుజాల పలకలు వెనక్కి నొక్కి పెట్టాల. మోచేతులు బారజాపినట్టు భుజాలకి సూటిగా కాకుండా ఒంటికి కొంచెం దగ్గరగా ఉండాల. దించేటప్పుడు నిదానం, ఊపిరి లోపలికి. తోసేటప్పుడు బయటకి. వాలు పెడితే ఛాతీ పైభాగానికి పని పడుద్ది, ముప్పై డిగ్రీల దగ్గర చాలు. నలభై అయిదు దాటిందంటే పనంతా భుజమే లాక్కుంటాది. వాలులో ముందు సీటు కొంచెం పైకి లేపండి, లేకపోతే కిందికి జారిపోతారు.

ఛాతీకి ఎంత చేస్తే వీపుకి అంతకి తగ్గకుండా చెయ్యాల. ఒక మోకాలూ ఒక చెయ్యీ బెంచీ మీద ఆనించి, రెండో చేత్తో బరువుని నడుం దాకా లాగండి. మోసి మోసి ముందుకి వొంగిపోయిన భుజాలకి అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. జంపుకీ పరుగుకీ అయితే వెనక కాలి పాదం బెంచీ మీద పెట్టి ముందు కాలితో బస్కీలు, లేదా బెంచీ ఎక్కి దిగడం. ఎక్కి దిగేటప్పుడు బెంచీ చివర కాలెయ్యొద్దు, ఎత్తేసుద్ది. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, మూడు విడతలు. చివర్లో ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించినప్పుడే ఆపండి. పన్నెండు తేలికైపోతే అప్పుడు కిలో రెండు కిలోలు పెంచండి. లంబసింగి చలిలో నిద్ర లేచి నేరుగా బెంచీ ఎక్కొద్దు, పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. జీలుగు కల్లు తాగి అసలే ఎక్కొద్దు, నవ్వులాటకి చెప్పడం లేదు.

ఇప్పుడు చెప్పేది ఏ జిమ్ వీడియోలోనూ ఉండదు. మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్నవోళ్లు బయటోళ్ల కన్నా ఎక్కువ. ఎర్ర రక్తకణం కొడవలిలాగా వొంకర తిరిగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాది. జబ్బు ఉన్నవోళ్లు డాక్టరు చెప్పకుండా బరువుల జోలికి వెళ్లొద్దు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే వచ్చినోళ్లని వాహకులంటారు. వాళ్లకి మామూలుగా ఏ బాధా ఉండదు, తమకున్నట్టే తెలీదు. కానీ ఒంట్లో నీళ్లు తగ్గి, ఎండలో, ఆపకుండా పళ్లు బిగించి చేస్తే కండ కరిగిపోయే ప్రమాదం వాళ్లకి కూడా ఉన్నాది. అమెరికాలో పైస్థాయి కాలేజీ ఆటగాళ్లకి 2010 నుంచి ఈ పరీక్ష పెట్టారంటే ఊరికే కాదు. మన దగ్గర 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, నలభై ఏళ్లలోపు అందరికీ పరీక్ష చెయ్యాలన్నది దాని లెక్క. మీకు చేశారా? కార్డు ఇచ్చారా? ఇవ్వకపోతే పీహెచ్‌సీకి వెళ్లి అడగండి, అది మీ హక్కు. వాహకులైతే భయపడి మానెయ్యక్కర్లేదు. నిదానంగా పెంచుకోండి, విడతల మధ్య ఆగండి, నీళ్లు తాగండి, జ్వరం వచ్చి తగ్గిన వారం చెయ్యొద్దు. తొడల్లో నడుంలో నొప్పొచ్చి కాళ్లు తేలిపోయినట్టున్నా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా పడుకుంటే తగ్గుద్దిలే అనుకోకండి, ఆసుపత్రికి బయల్దేరండి, వాహకులమని ముందే చెప్పండి. 1600 మీటర్ల పరుక్కి కూడా ఇదే మాట.

తిండికొస్తే, డబ్బా పౌడరుకి పెట్టే డబ్బుతో నెలంతా ఇంటిల్లిపాదీ గుడ్లు తినొచ్చు. గుడ్డుకి సుమారు 6 గ్రాముల ప్రొటీను. మనం పండించి చౌకగా అమ్మేసే రాజ్‌మాలో, ఎండు గింజలు వంద గ్రాములకి ఇరవై గ్రాములు దాటుద్ది. ఉలవలు కూడా దాని దగ్గరే. చోడి అంబలి మంచిదే గానీ అందులో ప్రొటీను తక్కువ, పక్కన ఉలవచారో ఎండుచేపో ఉండాల. సూదులు, "కండ పెంచే" మాత్రలు ఎవడిచ్చినా ముట్టుకోవద్దు. విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో 53 కిలోల విభాగంలో మూడోస్థానంలో నిలిచింది. బంగారం గెలిచిన అమ్మాయి నిషేధిత మందుల పరీక్షలో దొరికిపోతే సంతోషికి వెండి పతకం వచ్చింది. అటు ఆమె పతకమూ పోయింది, పేరూ పోయింది.

ఆఖరుగా, ఒక్కొక్కరూ ఒక నాసిరకం బెంచీ కొనే బదులు పదిమంది కలిసి గట్టిది ఒకటి తెచ్చి కమ్యూనిటీ హాల్లో పెట్టుకోండి. పక్కన పట్టుకోడానికి మనిషి ఎప్పుడూ ఉంటాడు, అదే పెద్ద లాభం. డబ్బు చాలకపోతే గ్రామసభలో తీర్మానం రాసి పంచాయతీకీ ఐటీడీఏకీ ఇవ్వండి, పెసా చట్టం 1996 నుంచి ఉన్నది గ్రామసభ మాటకి విలువుండాలనే. కాగితంలో "జిమ్ కావలెను" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. బెంచీ కొలతలు, పైపు మందం, బరువులు ఎన్ని కిలోలు, తాళం ఎవరి దగ్గరుంటాది, ఏడాదికోసారి రంగు ఖర్చు ఎవరిది... అన్నీ రాయండి. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకి విడిగా రాయండి. మల్లీశ్వరి, సంతోషి ఇద్దరూ మన పక్క జిల్లాల ఆడపిల్లలే, ఆ గంట తలుపు దగ్గర మగపిల్లలు గుంపు కట్టకుండా చూసే బాధ్యత ఎవరిదో ఆ పేరు కూడా తీర్మానంలోనే ఉండాల.